అమ్మ తలగడ పక్కన పవర్ బ్యాంకు

ఆ పవర్ బ్యాంకు అట్టపెట్టె మీద ఒక ల్యాప్‌టాప్ బొమ్మ ఉంది. సన్నగా, కొత్తగా, ఏ జబ్బూ లేనిదానిలా ఉంది. నా ల్యాప్‌టాప్ అలాంటిది కాదు. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. వైరు ఊడితే చాలు, తెర నల్లబడుతుంది. ఇంట్లో దాన్ని గోడ ప్లగ్గుకు కట్టేసి పని చేసుకునేదాన్ని.

బాత్రూంలో జారిపడి అమ్మ తుంటి ఎముక విరగడంతో మా ఇద్దరి కాపురం దవాఖానకు మారింది. ఆపరేషన్ చేయాలి, కానీ షుగరు దిగితేగానీ చేయమన్నారు. అదేమో ఒకరోజు దిగుతుంది, మర్నాడు ఎక్కి కూర్చుంటుంది. "ఆమెకు ఏ ఫికరూ పెట్టకు. రంది పడితె షుగరు దిగది" అని డాక్టరు నాతో గట్టిగా చెప్పాడు. రంది పెట్టడానికి నా దగ్గర కావలసినంత సరుకు ఉంది. అదంతా మింగి తిరుగుతున్నాను.

పిల్లల పాఠాల వీడియోలకు తెలుగులో సబ్‌టైటిల్స్ రాయడం నా పని. మా ఇల్లు గడిచేది దాని మీదే. అమ్మ పడ్డ దగ్గర్నుంచి పని వెనకబడింది. ఫోనులో చేద్దామంటే అక్షరాలు చీమల్లా ఉంటాయి. వార్డులో ప్లగ్గులన్నీ మిషన్లవి. ఒకసారి వైరు పెట్టబోతే నర్సమ్మ చూసి, "ఇది ఇల్లనుకున్నవా అక్కా?" అంది. హైదరాబాదులో నాకు పని ఇచ్చే మేడం చివరికి తేల్చి చెప్పింది. అందరం ఆన్‌లైన్‌లో కూర్చుని కొత్త పాఠాలను వరసగా సరిచూడాలి, ఈసారి కూడా మధ్యలో మాయమైతే ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తానంది.

అందుకే ల్యాప్‌టాప్‌ను నడిపించే పవర్ బ్యాంకు కోసం వెతికాను. మంచివి నాకు అందేవి కావు. అందేవాటి గురించి జనం రాసింది చదివితే ఉన్న మతి పోయింది. ఒకాయన బ్రహ్మాండం అన్నాడు, దాన్నే ఇంకొకాయన ఇటుక అన్నాడు. హన్మకొండలో ఒక దుకాణాయన ఈ డబ్బా చేతిలో పెట్టి, "ల్యాప్‌టాప్‌కు మంచిగ నడుస్తది చెల్లె, పరేషాన్ గాకు" అన్నాడు. పరేషాన్ కావద్దని చెప్పిన మనిషి కనబడి చాలా రోజులైంది. కొనేశాను.

స్నానానికి ఇంటికి వెళ్లినప్పుడు దాన్ని నిండా ఛార్జి చేసి పరీక్ష పెట్టాను. ల్యాప్‌టాప్‌కు తగిలించి ఒక వీడియో నడవనిచ్చి, అన్నం వండాను, బట్టలు ఉతికి ఆరేశాను. వచ్చి చూస్తే ఇంకా నడుస్తోంది. డబ్బా వేడెక్కింది గానీ దాని మీద సగం దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నాకు నిజంగా సంతోషమేసింది. ఆ సంతోషంలో రెండో రంధ్రంలో నా ఫోను వైరు పెట్టాను. డబ్బా ఒక్క క్షణం ఆగింది. ఎవరికెంత పంచాలో లెక్క చూసుకుని మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ అయితే ఆ క్షణాన్ని తట్టుకుంటుంది. నాది మాత్రం టప్పున ఆరిపోయింది. అట్టపెట్టె మీద ఆ సంగతి ఎక్కడైనా రాశారేమోనని వెతికితే అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

దవాఖానకు వచ్చాక రెండో రంధ్రానికి కట్టుకట్టే ప్లాస్టరు ముక్క అంటించాను. నేను పని చేసేటప్పుడు దాన్ని తీయొద్దని అమ్మకు చెప్పాను. సరే బిడ్డా అంది.

కానీ మా అమ్మ సంగతి చెప్పాలి. ధర్మసాగర్ దగ్గర మా ఊళ్లో ఎండాకాలం వస్తే మా గుమ్మం ముందు రంజన్ పెట్టేది. దారిన పోయేవాళ్లు మట్టి రంజన్‌లోని చల్లటి నీళ్లు ముంచుకుని తాగిపోయేవాళ్లు. కుండ ఖాళీ అయితే మా తాగే బిందెలోంచి పోసేది. అడిగినవాళ్లకు లేదనడం నేనెన్నడూ వినలేదు. ఈ డబ్బా కూడా ఆమె కంటికి రంజన్‌లాగే కనబడింది. మొదటి రోజే వార్డంతటికీ చాటింపు వేసింది. "మా బిడ్డ దగ్గర కరెంటు డబ్బా ఉన్నది, మీ ఫోన్లు పెట్టుకోండ్రి." నాకు ఒళ్లు మండింది. పని లేనప్పుడే కదా అని ఊరుకున్నాను. తనంతట తాను పక్కకు తిరగలేని మనిషి, తలగడ పక్కన ఫోన్లు పేర్చుకుని ఇంటి యజమానురాలిలా పడుకుంది. ఒకరు అరటిపండు తెచ్చేవారు, ఒకరు ఫ్లాస్కులో చాయ్ తెచ్చేవారు. చాలా రోజుల తర్వాత అమ్మ ముఖం తేటపడింది.

మేడం చెప్పిన రోజు రానే వచ్చింది. వైరు పొట్టిది కాబట్టి డబ్బా అమ్మ తలగడ పక్కనే ఉంది, ల్యాప్‌టాప్ స్టూలు మీద ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో వాక్యం చదువుతున్నాను. మేడం తల ఊపుతోంది. పక్క మంచం మీది ముసలమ్మది పాలకుర్తి దగ్గరి పల్లె. ఆమె ఆపరేషన్‌కు రక్తం కావాలి. రక్తం ఇచ్చే మనిషి ఫోను చేస్తానన్నాడట, సరిగ్గా అప్పుడే కోడలి ఫోను ఆరిపోయింది. ఆమె మా మంచం దగ్గరికి వచ్చి నిలబడటం కంటికొసన కనబడింది. అమ్మ చేయి కదలడం కూడా కనబడింది. నేను నోరు తెరిచేలోపే తెర నల్లబడింది.

"రెండు బొక్కలున్నయి గద బిడ్డా. ఒకటి నీకు, ఒకటి ఆమెకు అనుకున్న" అంది అమ్మ. ప్లాస్టరు ముక్క ఆమె వేలికి అంటుకుని ఉంది.

నా ముసలి ల్యాప్‌టాప్ మళ్లీ లేచేసరికి ఆన్‌లైన్‌లోంచి అందరూ వెళ్లిపోయారు. ఫోనుకు మేడం మెసేజ్ వచ్చింది. మీ ఇబ్బంది అర్థమైంది, ఈ పని వేరేవాళ్లకు ఇస్తున్నాను, అమ్మగారిని జాగ్రత్తగా చూసుకోండి అని. కాస్త కటువుగా రాసినా కోపం తెచ్చుకునేదాన్ని. ఇంతలో ఆ కోడలి ఫోను ప్రాణం పోసుకుని మోగింది. రక్తం ఇచ్చే మనిషి గేటు దగ్గరికి వచ్చేశాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకుని పరుగెత్తింది. ఎవరిని తిట్టాలో నాకు తెలియలేదు.

"నా వల్లనేనా బిడ్డా? నీ పని పోలేదు గద?"

షుగరు చూసే అమ్మాయి సూదితో ఇటే వస్తోంది.

"పోలేదమ్మా. నెట్టు పోయింది, అంతే. రేపు చేస్త."

అందుకని మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ తెరవక తప్పలేదు. ఆ మర్నాడూ తెరిచాను. ఖాళీ పేజీలో ఏదో ఒకటి కొడుతుంటాను. ఎక్కువగా వార్డు గోడ మీది బోర్డులో ఉన్నదే చూసి కొడుతుంటాను. ఎవరైనా అడిగితే ఈ డబ్బా మంచిదనే చెబుతాను. అట్టపెట్టె మీద చెప్పినంతసేపూ నడుస్తుంది.

నిన్న ఆ కోడలు మళ్లీ వచ్చింది. అత్తకు ఆపరేషన్ మంచిగా జరిగిందట, ఊళ్లో భర్తకు చెప్పాలి, నంబరున్న ఫోనులో ఛార్జింగ్ లేదు. మళ్లీ ప్లాస్టరు అంటించి ఉన్న డబ్బాను అమ్మ అరచేత్తో కప్పింది.

"ఇప్పుడు లేదు బిడ్డా. మా బిడ్డ పని చేస్తాంది."

ఆమె పక్క మంచం దగ్గరికి వెళ్లి కూర్చుంది. అమ్మ అటు చూడలేక ముఖం గోడవైపు తిప్పుకుంది. వైరు పీకి ఆమెకు ఇచ్చేయాలని నా చేయి లేచింది. ఇస్తే పని ఎందుకు ఆపావని అమ్మ అడుగుతుంది. షుగరు దిగుతోంది, ఇలాగే ఉంటే రేపు ఆపరేషన్ అని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్లాడు.

కాసేపటికి అమ్మ గోడవైపే చూస్తూ మెల్లగా అడిగింది. "ఇంకా ఎంతసేపు బిడ్డా? అయినంక ఆమెకు జర ఇద్దాం."

"ఇంకా జర ఉన్నదమ్మా" అని, నేను టైపు చేస్తూనే ఉన్నాను.