ఫ్రేజర్ దొర వారసులు

అన్నయ్య మెడలో ఆ గళ్ళ మఫ్లర్ చూస్తేనే డయానాకు అసహ్యమేసేది. దోహా ఎండల్లో మఫ్లర్ ఏమిటండీ! వెస్ట్ బే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే ఎడ్వర్డ్‌కు అది వంశ చిహ్నం; స్కాట్లండ్‌లో ఒక్కో వంశానికి ఒక్కో రకం గళ్ళుంటాయట. ముత్తాత ఆండ్రూ ఫ్రేజర్ స్కాట్లండ్ దొరట, గోదావరి కాలవల మీద ఇంజనీరుగా వచ్చి నరసాపురంలో స్థిరపడిపోయాడట. "మన ఛాయ ఎండకి కమిలిందిగానీ, రక్తం దొరలదే" అంటూ శుక్రవారం సెలవునాడు క్రైస్తవుల ప్రార్థన కూటంలో అతను కోతలు కోస్తుంటే, ఆమె పాటల పుస్తకంలో తల దూర్చేసేది.

కోతలతో పోతే బాగానే ఉండేది. దోహా పక్కనున్న ఉమ్ సలాల్ తోటల్లో మోటార్లు బాగుచేసే జోయెల్‌ను పెళ్ళి చేసుకుంటానని 1995లో డయానా చెప్పింది. నరసాపురం నుంచి తల్లి సామ్రాజ్యం, పెళ్ళి కాయితం మీద అన్నయ్య సంతకం పెడితేనే ఒప్పుకుంటానని రాసింది. ఎడ్వర్డ్ మూతి తిప్పాడు.

"వాళ్ళ కులమేంటి, మన పుట్టుకేంటి? ముందు దొరగారి కాయితాలు రానీ. అవి చూశాక నువ్వే వద్దంటావు."

ఆ కాయితాల కోసం ఉత్తరాలు టైపు చేసే చాకిరీ కూడా ఆమెదే. తను పనిచేసే క్లినిక్‌లో డ్యూటీ దిగాక రెండేళ్ళు టైపు చేసింది. స్కాట్లండ్ రికార్డుల ఆఫీసు నుంచి ప్రతిసారీ ఒకటే జవాబు: ఇండియా వెళ్ళిన అలాంటి ఇంజనీరు జాడ లేదు. "ఓడ మునిగి కాయితాలు పోయుంటాయే" అనేవాడు ఎడ్వర్డ్. మరి దొర ఈదుకుంటూ వచ్చాడా అని అడగబోయి, టైపు మిషన్‌లో ఇంకో కాయితం ఎక్కించేది.

చివరికి ఒళ్ళు మండి, అన్నకు చెప్పకుండా, నరసాపురంలో ముత్తాత సమాధి ఉన్న మిషన్ కాంపౌండుకే ఉత్తరం రాసింది. వాళ్ళు పాత బోర్డింగ్ రిజిస్టరులో ఒక పేజీ జిరాక్స్ తీసి పంపారు. కరువులో దిక్కులేక చేరిన పిల్లల పేర్లవి. ఏ దాత ఖర్చు భరిస్తే ఆ దాత పేరే పిల్లాడికి బాప్తిస్మంలో పెట్టేవారట.

ఏడో వరసలో ఇలా ఉంది: ఎర్రయ్య, ఆరేళ్ళు, తల్లిదండ్రులు లేరు. పెట్టిన పేరు ఆండ్రూ ఫ్రేజర్. దాత ఆండ్రూ ఫ్రేజర్, బట్టల వ్యాపారి, పెర్త్, స్కాట్లండ్.

కులం గడిలో జోయెల్ వాళ్ళ కులమే రాసి ఉంది.

ఎడ్వర్డ్ రెండుసార్లు చదివాడు. మొహం మాడిపోయింది.

"చింపెయ్యి. ఎవరికీ చెప్పకు."

"ఆరేళ్ళ పిల్లాడన్నయ్యా! అమ్మా నాన్నా పోయినోడు. వాడి గురించి ఒక్క మాటన్నా అనవేంటి?"

"ఖర్చు పెట్టినోడు తండ్రితో సమానమేగా. అలా చూస్తే మనం ఫ్రేజర్లమే" అంటూ మఫ్లర్ సర్దుకున్నాడు.

ఛీ, వీడూ ఒక మనిషేనా అనిపించింది డయానాకు. పెళ్ళి కాయితం అతని ముందుకు తోసింది.

"సంతకం పెడతావా, శుక్రవారం కూటంలో ఆ పేజీ చదవమంటావా?"

అతను పెన్ను తీశాడు. ఎడ్వర్డ్ ఫ్రేజర్ అని ఇంతింత అక్షరాలతో గీసి, ఆమె వైపు చెయ్యి చాచాడు. "ఇప్పుడది ఇటివ్వు."

రెండేళ్ళు కోరుకున్న సంతకం ఎదురుగా ఉంది. డయానా జిరాక్స్ అతని చేతిలో పెట్టింది. అన్న దాన్ని ముక్కలు ముక్కలుగా చింపుతుంటే పెళ్ళి కాయితం మడిచి సంచిలో పెట్టుకుంది. నోరు మూసుకునే బేరంతో సంతకం కొనుక్కున్నాక జోయెల్‌కు కూడా ఈ సంగతి చెప్పలేననీ, ఎర్రయ్యను పాతిపెట్టడానికి తానూ ఒక చెయ్యి వేశాననీ తెలిసి, ఈసారి ఆమెకు తన మీదే అసహ్యమేసింది.