బతికున్న మేనత్తకు శవయాత్ర

బీరువా తలుపు తీయగానే డాంబర్ గోళీల వాసన గుప్పుమంది. ఆ వాసన అడుగున ఇంకేదైనా మిగిలి ఉందేమోనని నాయనమ్మ చీర మడత విప్పి ముక్కుకు ఆనించుకున్నాను. మా నాయనమ్మ నమిలే తమలపాకు, ఆమె ఒంటి పసుపు, పొయ్యి పొగ, ఏ ఒక్కటీ దొరకలేదు. చిలకపచ్చ నేత చీర, ఎర్ర అంచు. ఇలాంటి చీరలు రెండు ఒకే రోజు ఒకే వీధిలో ఎదురెదురుగా నిలబడటం నా చిన్నతనంలో నేను కళ్లారా చూశాను. ఒకటి మా నాయనమ్మ ఒంటి మీద, రెండోది పాడె మీద పడుకోబెట్టిన గడ్డిబొమ్మ ఒంటి మీద. ఆ బొమ్మ మా మేనత్తది. అప్పుడామె ఢిల్లీలో కేంద్ర సహాయ మంత్రి, నిక్షేపంగా బతికే ఉంది.

మాదాపూర్‌లో అద్దాల బిల్డింగుల వెనక మా గల్లీ ఉండేది. రేకుల గదులు, అందరం కిరాయి వాళ్లమే. పాలమూరు నుంచి వచ్చి మట్టిపని చేసేవాళ్లు, గేటు దగ్గర కాపలా ఉండేవాళ్లు, ఆఫీసుల్లో ఊడ్చి తుడిచేవాళ్లు, మా నాన్నలా ఆఫీసు క్యాబులు నడిపేవాళ్లు. గల్లీ చివర పెద్ద పెద్ద బండలుండేవి. వాటిని పేల్చి అక్కడ ఇంకో ఆఫీసు కడతారని తెలిసినప్పటి నుంచి పిల్లలం పోటీలు పడి వాటి మీదే బతికాం, అక్కడే కచ్చకాయలు ఆడాం, సీతాఫలాల కాలంలో గింజలు ఎవరెంత దూరం ఉమ్మగలరో చూసుకున్నాం. బతుకమ్మ పండక్కి తంగేడు పూలు ఆ బండల సందుల్లోంచే కోసుకొచ్చేవాళ్లం. నువ్వుల సత్తు, మలీద ముద్దలు చేసే పొద్దున గల్లీ అంతా బెల్లం వాసన వేసేది, ఆ పూట బడికి పొమ్మని ఏ తల్లీ గట్టిగా అనేది కాదు.

ఆ మేనత్త మా నాన్నకు అక్క. పేరు సుగుణ, నేను అత్తమ్మ అనేదాన్ని. పెళ్లికి ముందు నాయనమ్మతో పాటు కూలికి పోయి మట్టి తట్టలు మోసిన మనిషి. అత్తగారి ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు కేటాయించిన ఏడు, సంతకం ఒకటి వస్తే చాలని ఆమెను నిలబెట్టారు. గెలిచాక ఆమె సంతకంతో ఊరుకోలేదు, చదవడం నేర్చుకుంది, మైకు ముందు భయం పోగొట్టుకుంది, అక్కడి నుంచి జిల్లా పరిషత్తుకు, ఒకసారి ఓడి మళ్లీ నిలబడి పార్లమెంటుకు, ఆ తర్వాత మంత్రి కుర్చీకి పోయింది. నాయనమ్మ మాత్రం కొడుకును ఆమె నీడకు పోనివ్వలేదు. మంత్రి తమ్ముడు క్యాబ్ నడపడమేమిటని ఎవరైనా అడిగితే, "దాని ఓట్లు దానియి, మా బువ్వ మాది" అనేది. కానీ టీవీలో పార్లమెంటు చూపిస్తున్నారంటే పని మానేసి కూర్చునేది. కూతురు ఎక్కడో వెనక వరసలో ఉండేది, మొహం కనిపించేది కాదు, నాయనమ్మ చీర అంచు చూసి గుర్తుపట్టేది.

ఇక్కడ కాకి సంగతి చెప్పాలి. మావాళ్లలో ఎవరి నెత్తినైనా కాకి తన్నితే, దగ్గరి చుట్టాలకు ఆ మనిషి పోయాడని ఉత్తి కబురు పంపుతారు. వాళ్లు నిజమనుకుని ఏడిస్తే గండం గడుస్తుందని నమ్మకం. ఒకసారి మా నాన్నను కాకి తన్నింది, నాయనమ్మ కబురు పంపింది. అత్తమ్మ అప్పుడు జిల్లా పరిషత్తులో ఉండేది. మీటింగు మధ్యలోంచి లేచి, దారంతా గుండెలు బాదుకుంటూ వచ్చి, గుమ్మంలో కూర్చుని ఉల్లిగడ్డ నంజుకుంటూ అన్నం తింటున్న తమ్ముణ్ని చూసి, కాలి చెప్పు తీసి విసిరింది. ఆ తర్వాత అతణ్ని పట్టుకుని మళ్లీ ఏడ్చింది. అది తలుచుకుని మేం ఎన్నేళ్లు నవ్వుకున్నామో.

మంత్రి అయ్యాక కూడా ప్రతి బతుకమ్మకూ పుట్టింటికి వచ్చినట్టే మా గల్లీకి వచ్చేది. కారు మలుపులో ఆపి నడిచి వచ్చి ఆడవాళ్ల మధ్య తిరుగుతూ ఆడేది. ఒక ఏడు గల్లీలో ఆడవాళ్లందరికీ ఒకే రకం చీరలు పెట్టింది. చిలకపచ్చ, ఎర్ర అంచు. వేరేది తెస్తే నాయనమ్మ ఊరుకునేది కాదు కనుక ఆమెకూ అదే.

ఆ తర్వాత తెలంగాణ ఉద్యమం ముదిరింది. పిల్లలకు మొదట్లో అదొక పండగే, బడులు బంద్, రోడ్డు మీదే వంటా వార్పు, ఆఫీసు బస్సులు ఆగిపోయిన నల్లటి రోడ్డు మీద ఇటుకల పొయ్యిలు పెట్టి పెద్ద డేగిశాల్లో పప్పు ఉడుకుతుంటే వరసగా కూర్చుని తినేవాళ్లం. నాయనమ్మ రోజూ అక్కడ వేసిన దీక్ష టెంటుకు పోయి ఉల్లిగడ్డలు కోసేది, తెలంగాణ రావాలని అందరికంటే గట్టిగా అరిచేది. అదే టెంటులో నెమ్మదిగా ఇంకో మాట పుట్టింది, సుగుణమ్మ రాజీనామా చేయాలని. నాయనమ్మ మా నాన్న ఫోన్ తీసుకుని బతిమాలింది.

"కుర్సీ ఇడిసిపెట్టి రారాదే బిడ్డా."

"లోపల ఉంటెనే నన్ను అడుగుతరమ్మా, బయటికొస్తె ఎవరింటరు?" అంది అత్తమ్మ.

ఆ ఏడు బతుకమ్మకు ఆమె రాలేదు. పక్కగది యాదమ్మ మా ఇంటికి రావడం మానేసింది, కచ్చకాయల్లో నన్ను ఎవరూ జట్టు కలుపుకోలేదు.

ఒకరోజు పొద్దున డప్పుల చప్పుడు వినిపించింది. ఎవరో పోయారనుకుని గుమ్మంలోకి వెళ్లాను. పాడె, నిప్పు కుండ, చల్లుతున్న మరమరాలు, పాడె మీద చిలకపచ్చ చీర. మొహం ఉండాల్సిన చోట పోస్టరులోంచి కత్తిరించిన అత్తమ్మ నవ్వు. ఆ చీర యాదమ్మది. మోసేవాళ్లలో యాదమ్మ మొగుడున్నాడు, నాకు సైకిల్ తొక్కడం నేర్పిన మనిషి. అది నిరసన అని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు, చెప్పినా నమ్మే వయసు కాదు. మా అత్తమ్మ చచ్చిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు నాయనమ్మ బయటికి వచ్చింది. ఆమె ఒంటి మీదా అదే చీర. డప్పులు తడబడ్డాయి. ఆమె ఎవరినీ తిట్టలేదు, కొప్పు విప్పుకుని పాడె ముందు కూలబడి ఏడుపు ఎత్తుకుంది.

"తట్టలు మోసిన చేతులే బిడ్డా, సంతకం నేర్సుకుంటివి బిడ్డా, ఢిల్లీకి వోతివి బిడ్డా, నన్ను మరిసిపోతివి బిడ్డా..."

సావు దగ్గర ఒక ఆడమనిషి అలా ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు ఊరికే నిలబడటం మావాళ్లలో లేదు. ముందుగా యాదమ్మే వచ్చి ఆమె మెడ పట్టుకుని బావురుమంది. ఇంకొకరు, ఆ వెనక మరొకరు. నినాదాలు ఇచ్చేందుకు వచ్చిన గల్లీ మొత్తం ఆ గడ్డిబొమ్మ చుట్టూ కూర్చుని ఏడ్చింది. మగవాళ్లు పాడె దించి దిక్కులు చూశారు. టీవీ వాళ్ల కెమెరా అందరి మొహాల మీదా తిరిగింది. నేను గుక్కపట్టి ఏడుస్తుంటే మా ఇంటి ఓనరు భార్య, గుంటూరు వైపావిడ, పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకుంది.

"మీ అత్తయ్యకేం కాలేదమ్మా, ఇప్పుడే టీవీలో మాట్లాడుతోంది, వచ్చి చూడు" అంది.

అత్తమ్మ నిజంగానే టీవీలో ఉంది, ఏదో సభలో దీపం వెలిగిస్తూ. మరి వీధిలో పాడె మీద ఉన్నదెవరో తెలియక నాకు భయం పోలేదు, ఇంకా పెరిగింది. ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ తలంటు పోసుకుని, తడి జుట్టుతో చాయ్ తాగుతోంది.

"ఫికర్ జెయ్యకు. బతికున్నదానికి పాడె గట్టిన్రు, గండం గద? కాకి తన్నితె ఏడ్వమా, గట్లనే ఏడ్సిన. ఇగ నా బిడ్డకేం గాదు" అంది.

టీవీలకు కాకి సంగతి ఏం తెలుసు? కన్నతల్లే కూతురికి కర్మ చేసిందని సాయంత్రం దాకా తిప్పి తిప్పి చూపించారు. ఆ వారంలోనే అత్తమ్మ రాజీనామా చేసింది. తర్వాత తెలంగాణ వచ్చింది. ఆలస్యంగా దిగిందని ఇక్కడివాళ్లు, తొందరపడిందని ఢిల్లీవాళ్లు, ఆమెకు మళ్లీ టికెట్ ఎవరూ ఇవ్వలేదు. నాయనమ్మ మాత్రం పోయేదాకా ప్రతి చుట్టానికీ చెప్పుకుంది, నా ఏడుపుతో నా బిడ్డ గండం తీసిన అని.

మా గల్లీ ఇప్పుడు లేదు, ఆ చోట ఒక ఆఫీసు పార్కింగు ఉంది. బండలు లేవు, తంగేడు పూలు బండి మీద కొనుక్కోవాలి. అత్తమ్మ గచ్చిబౌలిలో చిన్న ఫ్లాట్లో ఉంటుంది, లిఫ్టులో పక్కన నిలబడేవాళ్లకు ఆమె ఎవరో తెలియదు. ఈ బతుకమ్మకు నాయనమ్మ చీర కావాలని ఆమె అడిగితే తీసుకెళ్లాను. ఆమె అంచు మీద వేళ్లు పోనిస్తుంటే, ఇన్నేళ్లు అడగనిది అడిగేశాను.

"నాయనమ్మ గండం పోవాలని ఏడ్చిందని నీకు తెలుసు కదా అత్తమ్మా. మరి ఎందుకు దిగిపోయినవు?"

"కాకి ఏడుపు నాకెర్క లేదా? మీ నాయిన కోసం నేనే ఏడ్సిన గద. ఉత్తుత్తిగ మొదలువెట్టింది మా అమ్మ, గండం ఏడుపే. నన్ను మరిసిపోతివి బిడ్డా అన్న కాడికొచ్చేసరికి అది నిజం ఏడుపైంది. టీవీల ఆమె మొహం జూసిన. నేను నిజంగ సచ్చినా గంతకంటె ఏడ్వదు. ఇగ నాకు కుర్సీల కూసోబుద్ధి గాలే."

మా ఇంట్లో అందరం కథగా చెప్పుకున్న ఆ ఏడుపును ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ సరిగా వినలేదు.

"నాయనమ్మకు చెప్పలేదా?"

"ఎట్ల జెప్తనే? గండం తీసిన అని అంత మురిసిపాయె," అంటూ అత్తమ్మ చీర మడత పెట్టింది.