మామ జీపు మీద జంబో ఇంజను

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు పక్క మనుషులు చెవులతోనే బతికేవాళ్లు. (ముందే ఒప్పుకుంటున్నాను, నేను పిడికెడు చెబితే అందులో నిజం చిటికెడే.) సందు మలుపులో జీపు మోగితే చాలు, అది ఏ వర్గానిదో, లోపల ఎవరికి పంటినొప్పో కూడా చెప్పి తలుపులేసుకునేవాళ్లు. నాకు ఆ విద్య అబ్బలేదు. నా ధ్యాసంతా ఎర్రగుంట్ల స్టేషన్లో డీజిలింజన్ల మీదే. లోకానికి అన్నీ ఒకటే. నాకు మాత్రం దేని ముఖం దానిదే. మామూలు రకానికి ముక్కు ఎత్తు, కిటికీలు చిన్నవి. జంబో రకానికి ముక్కు కిందికి దిగి, డ్రైవరు ముందు ఇంతింత అద్దాలు. జంబో కనిపించిన రోజు ఆ సంబరంలో నాకు అన్నం గుర్తొచ్చేది కాదు.

అప్పుడే మా మేనమామ సర్పంచికి నిలబడ్డాడు. ఆయనకు రైలింజను గుర్తు, ఎదుటి వర్గానికి బస్సు. తాతలనాటి పగ; ఓడితే ఊళ్లో తలెత్తుకోలేడు. "అల్లుడూ, జీపు పైకి ఒక ఇంజను చేసియ్యిరా, ఊరు అదిరిపోవాల" అన్నాడు. అసలు కొలతల్లో పదో వంతుకు, ప్లైవుడ్డుతో జంబో చేశాను. గాలి జాలీలు, పక్క తలుపులు, ముందు అద్దాలు... గుత్తి రైలింజన్ల షెడ్డువాళ్లు చూస్తే డీజిలు పోసి తోలుకుపోయేవాళ్లు.

ఊరేగింపు మొదటి వీధిలోనే ఒక అవ్వ గొర్రెలను పక్కకు తోలి, ఎగాదిగా చూసి, "బస్సు శానా బాగుంది నాయనా, దీనికే ఏస్తాలే పో" అంది. మామ మీసం అక్కడే సగం రాలింది. రెండో వీధిలో ఎదుటి వర్గంవాళ్లే వచ్చి ఆయన మెడలో దండేశారు. "మా బస్సును నువ్వే తిప్పుతాండావు మామా, శానా సంతోషం!"

"పొగగొట్టం యాడరా?" మామ నా మీదికొచ్చాడు.

"డీజిలింజనుకు అట్లాంటి గొట్టం ఉండదు మామా. ఇది జంబో. ముందు అద్దాలు చూడు..."

"ఆ అద్దాలే గదరా బస్సనిపించి కొంప ముంచినాయి! బ్యాలెట్టు మీద బొమ్మకు గొట్టముంది. జనానికి గొట్టముంటేనే ఇంజను!"

నూనె డబ్బా తెప్పించి నా జంబో నెత్తిన మేకులతో దిగ్గొట్టించాడు. ఒక్కో మేకూ నా గుండెల్లో దిగింది.

"ప్రపంచంలో యాడా ఇట్లాంటి ఇంజను లేదు మామా!"

"ఓట్లు పడేదాకా ఉంటే చాలు. సాంబ్రాణేసి ఊదు!"

ఊదాను. ఆ పొగకు ప్రొద్దుటూరు నుంచి ఫైరింజను బయల్దేరింది. మామ గెలిచాడు. మేళతాళాలు పులివెందుల దాకా వినిపించాయి.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఫైరింజను కాదు, అది నిజంగానే వచ్చింది. మామ గెలవడం. ఓడిపోయాడు, అదీ వేళ్ల మీద లెక్కపెట్టే ఓట్లతో. (అవన్నీ ఆ మొదటి రెండు వీధులవేనని మా అత్త ఇప్పటికీ అంటుంది.) తన్నులు ఖాయమనుకుని బిక్కుబిక్కుమంటూ ఇంటికి పోతే, మామ అరుగు మీద ఇంజన్ను పెట్టుకుని, పరామర్శకు వచ్చినవాళ్లకు చూపిస్తున్నాడు. "మా అల్లుడు చేసినాడప్పా. జంబో అంటారు దీన్ని, అద్దాలు చూడు. ఆ డబ్బా నాది, దాన్ని పట్టించుకోవద్దు."

ఇప్పుడు నాకూ మామ వయసొచ్చింది. ఏ అల్లుడైనా నన్ను అంత చక్కగా ఓడిస్తే, నేనట్లా చెప్పగలనా అనుకుంటాను. చెప్పలేను. చెప్పినట్టు రాయగలను, అంతే.