జనవరి కార్డు

డెబ్బైల చివర్లో డెట్రాయిట్ దగ్గర మా పై ఫ్లాట్‌లో ఒక ఇంజనీరు గారుండేవారు. జనవరి వస్తే ఆయనకి గుండెదడ. సిటిజన్లు కానివాళ్ళంతా ఆ నెలలో తమ అడ్రసు పోస్టాఫీసులో కార్డు మీద రాసివ్వాలని అప్పట్లో చట్టం. బూట్ల మంచు దులుపుకుంటూ మా గుమ్మంలోనే నిలబడి ఆయన అడిగేవారు: "కార్డు రాశావా, అమ్మా?"

నేను వచ్చిన ఏడాది ఆయనే కార్‌లో పోస్టాఫీసుకి తీసుకెళ్ళారు. ఫ్లాట్ నంబరు రాయడం మర్చిపోయాను. ఆయన ముఖం పాలిపోయింది. దాన్ని చింపేసి ఇంకోటి తెచ్చారు.

"చిన్న తప్పు చాలమ్మా, ప్లేన్ ఎక్కించేస్తారు."

గ్రీన్ కార్డు వచ్చి ఎనిమిదేళ్ళయిన మనిషి! లోపల్లోపల నవ్వుకున్నాను.

కొన్నేళ్ళకి ఆ చట్టం తీసేశారు. ఇక రాయక్కర్లేదని పోస్టాఫీసు కౌంటర్‌లో ఆమె మమ్మల్ని వెనక్కి పంపేసింది.

"పీడ విరగడైంది, అన్నయ్యగారూ!" అన్నాను కార్ ఎక్కుతూ.

ఆయన స్టార్ట్ చేయలేదు.

"అడగడం మానేశారంటే, మనం ఎక్కడున్నామో అడక్కుండానే తెలుస్తోందన్నమాట."

ఈసారి నవ్వు రాలేదు. ఇంటికొచ్చి తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను.