ఆ దెబ్బ నాది కాదు

మల్కాపురంలో మా వీధి పిల్లలకు దెబ్బలంటే భయం లేదు. ఉంటే బాక్సింగ్‌కు పంపేవారు కారు. రిఫైనరీ గోడ పక్కన రేకుల షెడ్డులో మా సార్ మమ్మల్ని స్కిప్పింగ్ తాడుతో కొట్టేవాడు, మేం పంచ్‌లు వేయడానికి ఆయన చేతికి తొడుక్కునే తోలు ప్యాడ్‌తో కొట్టేవాడు, ఏదీ దొరక్కపోతే ఉత్త చేత్తో కొట్టేవాడు. ఇప్పుడు కొట్టేవాడు అంటున్నాను. అప్పుడైతే కొట్టేవారు అనేదాన్ని. ఇంట్లో చెబితే నాన్న, "మొక్కై వంగనిది మానై వంగునా" అనేవాడు. అమ్మ వీపు మీద వాతలకు కొబ్బరినూనె రాసేది, అంతే. స్పోర్ట్స్ కోటాలో ఆయన ఉద్యోగం వేయించిన కుర్రాడు మా వైపు దాదాపు ఇంటికొకడున్నాడు. అదే షెడ్డులో ఆడిన మా అన్నకు రైల్వేలో వచ్చింది కూడా ఆయన చలవే.

నాతో స్పారింగ్ చేసే పిల్ల మా వెనక వీధిలో ఉండేది. వాళ్ల నాన్న బోటు మీద వేటకు వెళతాడు, అమ్మ చేపలమ్ముతుంది. ఆవిడను నేను పిన్నీ అంటాను. సెలక్షన్లకు ముందు బరువు దించడానికి మమ్మల్ని మిట్టమధ్యాహ్నం ఎండలో ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు వేసి పరుగెత్తించేవాడు సార్. నీళ్లు తాగకూడదు. దాహమేస్తే నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేయాలి. ఒకరోజు ఆ పిల్ల ఉమ్మకుండా మింగేసింది. కడుపు నిండా తాగేసింది.

కాటా ఎక్కగానే బరువు ఎక్కువ చూపించింది. సార్ చేతికి ప్యాడ్ ఉంది. దాంతోనే చెవి మీద కొట్టాడు. పడిపోయింది. జుట్టు పట్టి లేపి అదే చెవి మీద మళ్లీ కొట్టాడు. గోడకు తల తగిలిన చప్పుడు నాకు వినపడింది. చెవిలోంచి రక్తం మెడ మీదుగా బనియన్‌లోకి దిగింది. సార్ నా వైపు చూసి, "తువ్వాలు తే" అన్నాడు. తెచ్చాను.

ఆసుపత్రిలో చెవి లోపలి పొర చిరిగిందన్నారు. పిన్ని పరుగెత్తుకొచ్చింది. సార్ నా తల మీద చెయ్యి వేసి, "స్పారింగ్‌లో తగిలిందమ్మా. ఈ పిల్ల చెయ్యి కాస్త బరువు" అన్నాడు. నేను నోరు మెదపలేదు. కూతురూ అంతే. ఎవరేం అడిగినా వినపడనట్టు పడుకుంది.

వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. "గ్లోవ్ తగిలితే సెవి పగిలిపోద్దేటి?" అని కొళాయి దగ్గర ఆడవాళ్లు అనుకున్నారు. ఊరి పెద్దలు షెడ్డుకొచ్చి మమ్మల్ని వరసలో నిలబెట్టి అడిగారు. సార్ పక్కనే ఉన్నాడు. అందరం కుక్కిన పేనుల్లా ఉన్నాం. ఇంటికొచ్చాక అన్న నా మణికట్టు మెలితిప్పి పట్టుకున్నాడు.

"నువ్వేటీ సూడలేదు. తెలిసిందా?"

"సూసినాను కదా."

"సూడలేదు. సార్ మీద మాటొస్తే మనోళ్లకి ఇంకెవుడు ఉజ్జోగాలేయిస్తాడు?"

మర్నాడు వీధి మొగలో పిన్ని ఎదురైంది. చేపల గంప దించి, చెప్పు తీసింది. "నీ సేతులిరిగిపోను! నా పిల్లకి సెవుడు తెచ్చీసినావు కదే" అంటూ ముఖం మీదా మెడ మీదా వాయించింది. దెబ్బ ఎలా కాచుకోవాలో నాకు తెలుసు. కాచుకోలేదు. పెదవి చిట్లింది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. నోరు విప్పని ఆవిడ కూతురి మీద వచ్చింది. ఆ పూట అది ఎదురుపడితే నిజంగానే కొట్టి ఉండేదాన్ని.

ఈ గుసగుసలు ఆపడానికి సార్ ఆదివారం సాయంత్రం తల్లిదండ్రులందరినీ షెడ్డుకు పిలిచాడు. ఆటలో తగలడం మామూలేననీ, మా ఇద్దరి మధ్యా ఏ గొడవా లేదనీ చూపించడానికి మమ్మల్ని రింగెక్కించాడు. దాని చెవిలో దూది ఉంది. గంట కొట్టాడు.

"కొట్టు" అన్నాడు నాతో.

చేతులు కిందికి దించేశాను.

"కొట్టవే."

నిలబడే ఉన్నాను. ఇంతమందిలో ఒక పిల్ల తన మాట వినకపోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. తాళ్ల మధ్య నుంచి లోపలికొచ్చి, ప్యాడ్ ఉన్న చెయ్యి నా మీదికెత్తాడు. నేను కళ్లు మూసుకోలేదు కాబట్టి చూశాను. అవతలి మూల ఆ పిల్ల గబుక్కున కింద కూలబడి, రెండు గ్లోవులతోనూ చెవి మూసుకుంది. చెయ్యెత్తింది నా మీద. వణికింది అది.

పిన్ని కూడా చూసింది. సార్ చెయ్యి దించేసరికే ఆలస్యమైపోయింది.

చీర తాళ్లకు పట్టుకుంటే లాక్కుని రింగెక్కింది పిన్ని. కూతుర్ని అడగలేదు, నన్నడిగింది.

"ఎవులే కొట్టినారు?"

"సార్, పిన్నీ. కాటా దగ్గర. పేడ్‌తోటి."

"అబద్దం" అన్నారెవరో. తిరిగి చూస్తే మా అన్న. "అబద్దాలాడతంది సార్, దీని పని నాను సూత్తాను" అంటూ లోపలికొచ్చి, సార్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

అన్నాళ్లూ తిన్నవన్నీ నా భుజంలోకి వచ్చినట్టయింది. సార్ నేర్పినట్టే మడమ తిప్పి, నడుం తిప్పి, అన్న దవడ మీద కొట్టాను. వాడు వెనక్కి పోయి తాళ్ల మీద పడ్డాడు. నోట్లోంచి రక్తం వచ్చింది. దవడ పట్టుకుని, పసిపిల్లాడిలా ఏడుస్తూ, షెడ్డులో అందరికీ వినపడేలా అన్నాడు:

"నాకు తెలుసే. నాను తిన్లేదేటి ఆడి దెబ్బలు?"

అది విన్నాక వాడిని ఇంకోటి కొట్టాను.