నేను పేర్చిన కుండపెంకులు

1979 జనవరిలో పురావస్తు తవ్వకాల సహాయకుడిగా నన్ను నర్సీపట్నం క్యాంపుకి వేశారు. తవ్వకం సముద్రపు ఒడ్డున ఇసుకదిబ్బ మీద. దొరికినవన్నీ జీపులో నర్సీపట్నం అద్దె ఇంటికి వచ్చేవి. ఆ జీపు మైలుకోసారి ప్రాణం వదిలి, డ్రైవరు తిట్లకి మళ్ళీ లేచేది. గొప్పలు చెప్పడం నా జబ్బు. ఈ సంగతిలో మాత్రం చెప్పుకోవడానికి గొప్పేమీ లేదు.

దిబ్బని పొరలు పొరలుగా తవ్వుతారు. అడుగు పొరలో చేత్తో చేసిన మొద్దు పెంకులు, వలకి కట్టే గాడి రాళ్ళు, గుల్లలు. పైకొచ్చేకొద్దీ కుమ్మరి సారె మీద చేసిన పల్చటి పెంకులు, నూరుడు రాళ్ళు. అంటే చేపల మీద బతికినవాళ్ళు మెల్లగా గింజలకి అలవాటు పడ్డారన్నమాట. ఏ పెంకు ఏ పొరదో తెలిస్తేనే ఈ కథ నిలుస్తుంది. అందుకే పొరకో తట్ట, తట్టకో చీటీ. కడిగి, పెంకు మీద సిరాతో నంబరు వేసేదాకా వేటినీ కలపకూడదు.

కడిగే పని మరియమ్మగారిది. అప్పట్లో నేను ‘గారు’ అనలేదు.

సూపరింటెండెంటుగారు తనిఖీకి వస్తున్నారనగానే నాలో మహా శిల్పి లేచాడు. నంబరు పడని తొమ్మిది తట్టలు అరుగు మీద కుమ్మరించి, సైజువారీగా, రంగువారీగా, మిఠాయి కొట్టువాడు సిగ్గుపడేలా పేర్చాను.

“ఏటి బాబూ, ఇలాగ కలిపేసినారు? బేగి తీసీండి, నాకు గురుతున్నకాడికి ఏరతాను,” అందావిడ.

“నాకే పాఠం చెబుతావా? తట్టలు కడుక్కో.”

“తట్టలకేటండి, కడిగితే మట్టి పోతాది. ఇది పోదు.”

సూపరింటెండెంటుగారు ఒక పెంకు తిప్పి చూసి, ఏ పొరదని అడిగారు. కడిగే మనిషి కలిపేసిందండీ అన్నాను. మరియమ్మ నా వైపు చూసింది. ఆవిణ్ణి కూలీల హాజరు పట్టీ, మస్టరు రోల్లోంచి తీసెయ్యమన్నారాయన. ఆవిడ పేరు కొట్టేసింది నా కలమే.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. “బోరింగు కాడ తట్ట అడుగు పొరది బాబూ, మీరు ముట్టుకోనేదు. సీటీ తడిసిపోతంది, బేగి నంబర్లెయ్యండి.”

ఆ ఏటి నివేదికలో అడుగు పొర గురించి ఉన్నదంతా ఆ ఒక్క తట్టలోదే. ఆ మనుషులు ఎలా మారారో చెప్పాల్సిన పేజీ లేనే లేదు.

నేర్చుకున్నది ఇది: నంబరు పడేదాకా పెంకు తట్ట దాటకూడదు. దాటించినవాడు ఆ మాట రిజిస్టరులో తన పేరుతో రాయాలి. నేను రాయలేదు.