బాల్కనీలో ఆగిన తేనెటీగలు

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. నాలుగో అంతస్తు బాల్కనీ గ్రిల్‌కు గుమ్మడికాయంత తేనెటీగల గుంపు వేలాడుతోంది. ‘స్ప్రే కొట్టేవాళ్ల నంబరు ఎవరైనా అర్జెంటుగా ఇవ్వండి’ అని దాని కింద రాసి ఉంది. ఈ కొత్తగూడ ఫ్లాట్‌లో మా మొదటి వేసవి గుర్తొచ్చింది.

అప్పుడు గుంపు దిగింది మా బాల్కనీలోనే. అంతకు ఏడాది ముందు ఒకే ఒక్క తేనెటీగ కుడితే మా ఆవిడకు గొంతు వాచి, ఊపిరాడక ఆసుపత్రి పాలైంది. ఇప్పుడు గాజు తలుపుకు అవతల వేల ఈగలు. ఇలాంటప్పుడు పని తెలిసినవాళ్లను పిలవాలి. నేనేమో ఆదోనిలో మా నాయన బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. మొదట చెప్పిన ధరకు మా ఇంట్లో కొత్తిమీర కట్ట కూడా కొని ఎరగం. ముగ్గురికి ఫోన్లు చేసి, ఒకరి రేటు ఇంకొకరికి చెప్పి, అందరికంటే చవకగా కాల్చేస్తానన్నవాణ్ణి ఖాయం చేశాను. బేరం గెలిచిన సంబరంలో భయం కూడా కాస్త తగ్గింది.

అతను కాగడా, కిరసనాయిలు డబ్బాతో లిఫ్టులోంచి బయటికి వచ్చేసరికి, మా అంతస్తు ఊడ్చే అక్క చీపురు అడ్డం పెట్టింది. పాలమూరు వైపు మనిషి; వాళ్ల నాయన తేనె దింపేవాడట.

“ఏంది సారూ, నిప్పు పెట్టిస్తవా? చెదిరినయంటే ఇంటింట్ల జొరవడ్తయ్. గప్పుడు అమ్మను నువ్వు కాపాడ్తవా, ఈయన కాపాడ్తడా?”

“మరి ఊరికే కూర్చోమంటావా అక్కా?”

“ఊకె ఉండుడే పని. సూడు, ఇంకా పట్టు పెట్టలే. కాపాడుకునేతందుకు పిల్లల్లేవు, తేనె లేదు. జర ఆగినయ్, గంతే. కొన్ని ఇల్లు సూడవోయినయ్. నీ లెక్క బేరాలాడకుంటే రెండొద్దులల్ల పోతయ్.”

అప్పటికీ పోకుండా పట్టు కడితే, చంపకుండా పెట్టెలోకి ఎక్కించుకుపోయేవాళ్లను పిలుద్దామంది. కాగడా అతనికి టీ తాగించి పంపేశాను. నా జీవితంలో బేరమాడకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే. మా ఆవిణ్ణి మియాపూర్‌లో వాళ్ల అక్క ఇంటికి పంపాను. ఊడ్చే అక్క బాల్కనీ తలుపు సందులో తడిగుడ్డ కుక్కి, సాయంత్రాలు ఆ గదిలో లైటు వేయొద్దంది. తన డ్యూటీ కాని గంటల్లో కూడా వచ్చి గాజులోంచి చూసి వెళ్లేది.

రెండో రోజు పదకొండింటికి, పిండిమర ఆన్ చేసినట్టు ఒక్కసారి మోత లేచింది. గుంపు విడిపోయి పొగలా తిరిగి, బొటానికల్ గార్డెన్ చెట్ల వైపు సాగిపోయింది. గ్రిల్ మీద మరక కూడా మిగల్లేదు. ఆ సాయంత్రం మా ఆవిడ తిరిగొచ్చి, బాల్కనీ తలుపు తానే తీసి, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ తాగింది. ఆ ఇద్దరినీ చూస్తూ నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

అక్క ఊరికి వెళ్లిపోయి చాలా కాలమైంది. ఆమె మాటే గ్రూపులో టైపు చేశాను: ముట్టుకోకండి, తలుపు మూయండి, రెండు రోజులు ఆగండి. నిమిషంలో ఒకాయన అడిగాడు, ‘ఒక్క రోజులో పోవా అండి?’

నవ్వొచ్చింది. రెండు రోజులంటే రెండు రోజులేనని ఒప్పుకోవడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది.